టీ బాల్ కోచ్‌గా ఇరుక్కుపోయా, క్రికెట్ తప్ప ఏమీ రాదు, కాస్త దారి చూపించండి

తెనాలి_టు_జెర్సీ:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి, చదివి నవ్వుకున్నా పర్లేదు గానీ సలహా మాత్రం ఇచ్చి పోండి.

మా వాడికి ఐదున్నర. అమెరికాలో సెంట్రల్ న్యూజెర్సీలో ఉంటాం. కిండర్‌గార్టెన్‌లో వాడి ఫ్రెండ్స్ అందరూ బేస్‌బాల్‌లో చేరుతున్నారని జనవరిలో ఒకటే గోల పెడితే మా టౌన్ లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో, టీ బాల్‌కి రిజిస్టర్ చేయించా, స్టాండు మీద పెట్టిన బంతిని కొట్టే చిన్నపిల్లల బేస్‌బాల్ అన్నమాట. ఆ ఫారంలో ఎక్కడో అడుగున వాలంటీర్‌గా సాయం చేస్తారా అని ఒక గడి ఉంటే, ఆ ఏముందిలే, మంచినీళ్ళు అందించడమో కోన్లు సర్దడమో అయ్యుంటుంది అనుకుని టిక్కు కొట్టేశా. మొన్న రాత్రి లీగ్ నుంచి ప్లేయర్ ఏజెంట్ అంట, పిల్లల్ని టీముల్లో సర్దేది ఆయనేనంట, ఫోన్ చేసి కంగ్రాట్స్ కోచ్ అన్నాడు. ఏ కోచ్ స్వామీ అంటే 12 మంది పిల్లల టీమ్‌కి హెడ్ కోచ్ నేనేనంట. కాదంటే ఆ 12 మందినీ మిగతా టీముల్లో సర్దాలి, అవి ఇప్పటికే నిండిపోయాయి, కొంతమందికి డబ్బులు తిరిగిచ్చేయాల్సి వస్తుంది అన్నాడు. ఆ మాట విన్నాక ఇంక కాదనడానికి నోరెలా వస్తుంది చెప్పండి.

అమ్మకి ఫోన్ చేసి ఇలా వాలంటీర్ అయ్యానే అంటే "మనూళ్ళో అప్పట్లో వాలంటీర్లు తిరిగినట్టు అక్కడ కూడా ఇంటింటికీ తిరిగి పింఛన్లు పంచాలా నాయనా" అని అడిగింది. అదైనా నయమేమో అనిపిస్తోంది.

నాకు తెలిసిందల్లా తెనాలిలో టెన్నిస్ బాల్ క్రికెట్టు. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయినా బేస్‌బాల్ టీవీలో వస్తే ఛానెల్ మార్చేవాణ్ణి. పోయిన ఆదివారం ఒక టీ కొనుక్కొచ్చి, అదేనండీ బంతి పెట్టే రబ్బరు స్టాండు, దాన్ని వెనకాల యార్డులో పెట్టి కొట్టరా అంటే మా వాడు బానే కొట్టాడు, కొట్టి బ్యాట్ పట్టుకునే పరిగెత్తి అక్కడ ఫస్ట్ బేస్ అని పెట్టిన డోర్‌మ్యాట్ మీద బ్యాట్ ఆనించి "నాటౌట్ నాన్నా" అని అరిచాడు. తప్పు వాడిది కాదు, నాదే. ఇంకోటి, వాడిది కుడిచేతి వాటం కాబట్టి కుడి చేతికి తొడిగే గ్లవ్ కొన్నా, పట్టుకోవడం ఓకే గానీ విసరమంటే ఎడం చేత్తో ఎటో పారేస్తున్నాడు, దానికేమన్నా ప్రాక్టీస్ ఉందా?

వచ్చే శనివారం పొద్దున తొమ్మిదింటికి మొదటి ప్రాక్టీస్. ఐదారేళ్ళ పిల్లలు 12 మందిని గంటసేపు ఏం చేయించాలి? పైకి చెప్పుకోలేని భయం ఇంకోటుంది. మిగతా తండ్రులంతా ఇక్కడే పుట్టి చిన్నప్పట్నించీ ఆడినోళ్ళు. వాళ్ళ మధ్యలో నేను నిలబడి వాళ్ళ పిల్లలకి వాళ్ళ ఆట నేర్పడం... మీకే అర్థమవుతుంది.


మూడో_బేస్_బాబాయ్:

తమ్ముడూ, ముందు ఆ గ్లవ్ తీసుకెళ్ళి షాపులో ఇచ్చి మార్చుకో, ట్యాగ్ తీసేయలేదు కదా? కుడిచేతి వాటం పిల్లాడికి గ్లవ్ ఎడమ చేతికి. పట్టుకునేది ఎడమ చేత్తో, విసిరేది కుడి చేత్తో. మనం క్రికెట్‌లో ఒట్టి చేతుల్తో ఫీల్డింగ్ చేసి చేసి ఈ సంగతి తట్టదు. లేబుల్ మీద ఆర్‌హెచ్‌టీ అని ఉంటుంది చూడు, రైట్ హ్యాండ్ త్రో అని, అది తెచ్చుకో. 9 అంగుళాలో తొమ్మిదిన్నరో చాలు, పెద్దయ్యాక కూడా వస్తుందని పెద్దది కొనకు, వాడి చేతికి చేట కట్టినట్టుంటుంది. నేను మా పెద్దోడికి ఇదే తప్పు చేశా, రెండు వారాలపాటు వీడు లెఫ్టీయేమో అనుకుంటూ తిరిగా కూడా.

నేను మూడు సీజన్లు టీ బాల్, తర్వాత ఒక సీజన్ కోచ్ పిచ్ చేశా, అదే, టీ తీసేసి కోచే బంతి విసిరేది. నాదీ నీ కథే, నర్సరావుపేట క్రికెట్టు. ఆ పెద్ద భయం సంగతి ముందు చెప్తా. ఇక్కడ పుట్టిన తండ్రుల్లో చాలామంది ఏడెనిమిదేళ్ళు ఆడి మానేసినోళ్ళే, ఐదేళ్ళ పిల్లలకి నేర్పడం వాళ్ళకీ రాదు. పైగా టీ బాల్‌లో కావాల్సింది బేస్‌బాల్ తెలివి కాదు, 12 మంది పిల్లుల్ని ఒక గోనెసంచిలో కూర్చోబెట్టే తెలివి. నా మొదటి సీజన్‌లో ఒకాయన, కాలేజీలో పిచర్ అంట, అంటే మన బౌలర్ లాగా, అసిస్టెంట్‌గా వచ్చి మొదటి రోజే పిల్లలకి స్వింగ్‌లో నడుము ఎలా తిరగాలో పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన మాట్లాడుతుండగానే నలుగురు మట్టిలో కోట కట్టారు, ఒకడు బూటు విప్పి దాంట్లో మట్టి నింపుతున్నాడు.

శనివారానికి నా మాట విని చేసే పని ఒకటే, పిల్లల్ని ఒక లైన్‌లో నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ కొట్టమనొద్దు. 12 మంది లైన్ అంటే 11 మంది ఖాళీ. ఖాళీగా ఉన్న ఐదేళ్ళోడు కొట్టుకుంటాడు, లేకపోతే పక్కోణ్ణి కొడతాడు. గ్రౌండ్‌ని నాలుగు మూలలు చేసి ముగ్గురేసి పిల్లల్ని పెట్టు, మూలకొక తల్లినో తండ్రినో నిలబెట్టు, ఎనిమిది నిమిషాలకోసారి మార్చు. ఒక మూల టీ మీద కొట్టడం. ఒక మూల దొర్లించిన బంతిని పట్టడం, దానికి మొసలి నోరు అని చెప్పు, గ్లవ్ కింద దవడ, రెండో చెయ్యి పై దవడ, బంతి రాగానే టప్‌మని మూసేయాలి. ఇక్కడోళ్ళు ఎలిగేటర్ అంటారు, ఏదైనా పిల్లలకి పిచ్చెక్కిపోతుంది. ఇంకో మూల విసరడం, అట్టపెట్టె ఒకటి కంచెకి ఆనించి దాన్ని పడగొట్టమను, చాలు, భుజం ఎక్కడుండాలి మోచెయ్యి ఎక్కడుండాలి ఇప్పుడొద్దు. నాలుగోది బేసుల చుట్టూ పరుగు. అది తేలిక అనుకుంటావు గానీ సగం మంది హోమ్ నుంచి, అంటే కొట్టే చోటు నుంచి, సరాసరి థర్డ్ బేస్‌కి పరిగెడతారు. నేను ఆ థర్డ్ బేస్ దగ్గర నిలబడి ఇటు కాదురా నాయనా అటు అటు అని మూడేళ్ళు అరిచా కాబట్టే ఈ పేరు.

ఇక మీ వాడి నాటౌట్. మన పిల్లలందరూ బ్యాట్ పట్టుకునే పరిగెడతారు, ఇళ్ళలో చూసేది అదే కదా. మా చిన్నోడికి మాన్పడానికి హోమ్ ప్లేట్‌కి మూడడుగుల పక్కన ఒక హులా హూప్ పెట్టి, కొట్టగానే బ్యాట్ అందులో పడేసి పరిగెత్తాలి, పడేయకపోతే ఔట్ అన్నా. రెండు రోజుల్లో వచ్చేసింది. విసిరికొట్టనివ్వకు మాత్రం, పడేయాలి అంతే, విసిరితే వెనకాలున్నోడి మూతి పగుల్తుంది. ఇంకో క్రికెట్ జబ్బు కూడా ఉంది, బంతి వెనక్కి గ్లాన్స్ చేసి ఫోర్ అని చేతులెత్తేయడం. ఇక్కడ రెండు గీతల మధ్యలో పడితేనే లెక్క, బయట పడితే ఫౌల్ అని వాడికి మెల్లిగా చెప్పు.

మ్యాచ్ గురించి బెంగ వద్దు. మా లీగ్‌లో టీ బాల్‌కి స్కోరు రాసుకోరు, ఔట్ అయినా పర్లేదు నిలబడు అంటారు, ప్రతి ఇన్నింగ్స్‌లో టీమ్‌లో అందరూ ఒకసారి కొడతారు, ఆఖరోడు కొడితే బేసుల మీదున్నోళ్ళంతా ఇంటికొచ్చేస్తారు. బంతి కాస్త ముందుకి దొర్లిందంటే ఫీల్డింగ్ టీమ్ మొత్తం దాని మీద జాతరలా పడిపోతుంది, సెంటర్ ఫీల్డ్ నుంచి కూడా పరిగెత్తుకొచ్చి పడతారు, అడుగునున్నోణ్ణి బయటికి లాగడమే నీ కోచింగ్. గంటలో అయిపోతుంది.


గోదారమ్మాయి_ఎడిసన్:

బాబాయ్ గారు ఆట సంగతి చెప్పేశారు కాబట్టి నేను గ్రౌండ్ బయట సంగతి చెప్తానండి, ఎందుకంటే సీజన్ చెడేది అక్కడే. మా అమ్మాయి రెండేళ్ళు టీ బాల్ ఆడి ఇప్పుడు కోచ్ పిచ్‌లో ఉంది, నేను రెండేళ్ళూ టీమ్ పేరెంట్‌ని. అంటే కోచ్ గారు మర్చిపోయేవన్నీ గుర్తుపెట్టుకునే మనిషి అన్నమాట.

మీరు ఈరోజే కూర్చుని పేరెంట్స్ అందరికీ ఒక ఈమెయిల్ కొట్టండి. అందులో దాచకుండా రాసేయండి, నేను బేస్‌బాల్ ఆడలేదు, క్రికెట్ ఆడాను, పిల్లలతో ఉండడం ఇష్టం, ప్రాక్టీస్‌కి నాతో పాటు గ్రౌండ్‌లో ముగ్గురు కావాలి, స్నాక్స్ లిస్టు చూసుకోవడానికి ఒకరు కావాలి అని. ఎవరన్నా చేస్తారా అని అడిగితే ఎవరూ పలకరు, పనికి ఎదురుగా ఖాళీ గీత పెట్టి పేరు రాయమంటే రాస్తారు. మా కోచ్ ఒకాయన గొప్పకి పోయి అన్నీ తనే చేసుకుని మే నెలాఖరుకి మనిషి పీల్చుకుపోయాడు, వాళ్ళావిడ నన్ను చూస్తేనే మొహం తిప్పుకునేది.

స్నాక్స్ చిన్న విషయం అనుకోకండి. మ్యాచ్ స్కోరు ఏ పిల్లకీ గుర్తుండదు, ఆట అయ్యాక ఎవరు ఏం తెచ్చారో సీజన్ అంతా గుర్తుంటుంది. మొదటి ఈమెయిల్‌లోనే ఎలర్జీలు అడగండి, పల్లీ, జీడిపప్పు, గుడ్డు. మాకు ఒక బాబుకి పల్లీ పడదు, ఆ సంగతి తెలీక నేను ముచ్చటపడి ఇంట్లో చేసిన పల్లీ చిక్కీలు డబ్బానిండా పట్టుకెళ్ళాను. వాళ్ళమ్మ చూసి డబ్బా మూసేసి నా చేతిలో పెట్టి నవ్వుతూనే "నెక్స్ట్ టైమ్" అంది. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. అప్పట్నించీ కమలాపండు తొనలు, సీల్ తీయని ప్యాకెట్లు, అంతే.

మీ ఫారంలో డిపాజిట్ చెక్కు ఒకటి ఇచ్చుంటారు, చూసుకోండి. మా లీగ్‌లో ప్రతి ఇంటి నుంచీ కన్సెషన్ స్టాండ్‌లో, అంటే గ్రౌండ్ దగ్గర తినేవి అమ్మే కొట్టులో, రెండు షిఫ్టులు చేయాలి, చేస్తే చెక్కు చించేస్తారు, చేయకపోతే వేసేసుకుంటారు. కోచ్‌లకి మినహాయింపు ఉంటుంది, అడగండి, అడక్కపోతే ఎవరూ చెప్పరు. నాకైతే ఆ స్టాండ్ డ్యూటీయే ఇష్టం. శనివారం పొద్దున హాట్ డాగులు తిప్పుతూ నాచోస్ మీద చీజ్ పోస్తూ నిలబడితే మూడు గంటల్లో ఊరందరూ పరిచయం అవుతారు. ఏడేళ్ళు ఇక్కడుండి మాట్లాడనంత మందితో ఆ ఒక్క ఏప్రిల్‌లో మాట్లాడాను.

మీరు రాశారు చూడండి, వాళ్ళ ఆట అని. మన జెర్సీ కథే ఒకటి చెప్తాను. హోబోకెన్‌లో 1972లో మరియా పేపే అనే అమ్మాయి లిటిల్ లీగ్ టీమ్‌లో మూడు మ్యాచ్‌లు పిచింగ్ చేసింది, అప్పట్లో ఆడపిల్లలకి ప్రవేశం లేదు, ఆ పిల్లని తీయకపోతే మీ లీగ్ గుర్తింపే రద్దు చేస్తాం అని పైనుంచి చెప్పి ఆపించారు. కేసు నడిచింది, న్యూజెర్సీలో ఆడపిల్లల వైపు తీర్పొచ్చింది, 1974లో లిటిల్ లీగ్ రూలే మార్చుకుంది. కానీ అప్పటికి ఆ అమ్మాయి వయసు దాటిపోయింది, తను మళ్ళీ ఆడలేకపోయింది. మా అమ్మాయి ఈ కథ విని "మరి తన గ్లవ్ ఏం చేసింది" అని అడిగింది, నాకు జవాబు తోచలేదు.


ఓరుగల్లు_రాజన్న:

అందరు తియ్యతియ్యగ చెప్తున్రు, నేను జెర చేదు చెప్త. తిట్టుకోకుర్రి.

నేను వేరే రాష్ట్రంల ఉన్న, ఐదేండ్లు చేసిన, రెండేండ్లు బోర్డుల గూడ ఉన్న. టీ బాల్ దాక మస్తుంటది, అందరు నవ్వుకుంట వస్తరు. ఎనిమిది తొమ్మిదేండ్లు వచ్చినయంటే సురువైతది. ఎవడు కోచ్ అయితే వాని కొడుకే పిచర్, వాని దోస్తు కొడుకే బంతి ఎక్కువొచ్చే షార్ట్‌స్టాప్ జాగల, మనోడు పోయి బంతే రాని రైట్ ఫీల్డ్‌ల గడ్డి పీకాలె. దీనికి ఈడ డాడీ బాల్ అని పేరే ఉన్నది. మా పోరడు ఒక సీజన్ మొత్తం రైట్ ఫీల్డే. ఎందుకు సార్ అని అడిగితే మీవోడు ఇంక నేర్చుకుంటున్నడు కదా అన్నడు. ఆడనియ్యకుంటే ఎట్ల నేర్చుకుంటడు? రూల్ ప్రకారం ప్రతి పోరనికి కనీసం ఒక బ్యాటింగ్, ఆరు ఔట్లు పడేదాక ఫీల్డింగ్ ఇయ్యాలె, అది ఇస్తరు, అంతకు ఒక్క పిసరు ఎక్కువ ఇయ్యరు. అందుకే కోపానికి నేనే కోచ్ అయిన. అయినంక ఏమైందంటే, రెండో మ్యాచ్‌ల మావోణ్ణి పిచింగ్‌కు పెట్టిన, మా ఆవిడ కారుల అన్నది, నువ్వు గూడ గంతే కదా అని. అప్పుడు మూసుకున్న.

ఇంగ బోర్డు సంగతి. ప్రెసిడెంటు, ట్రెజరర్, సేఫ్టీ ఆఫీసర్, ప్లేయర్ ఏజెంట్, అందరు ఫుకట్‌గ చేసేటోళ్ళే, పొద్దంత ఆఫీసుల పని చేసి రాత్రి పదకొండింటికి గ్రౌండ్ షెడ్యూల్ గీస్తరు. వాన పడ్డదనుకో, పొద్దున ఆరింటికి ఎవడో ఒకడు పోయి డబ్బలతోని నీళ్ళు తోడి ఎండు మన్ను పోసి గీతలు కొట్టాలె. ఆ ఒకడు ఎప్పుడు గా ముగ్గురు నలుగురే. తిట్టేటోళ్ళు మాత్రం రెండొందల మంది. నాకు ఒక తల్లి రాసిన ఈమెయిల్ ఇంక దాచిపెట్టుకున్న, పిక్చర్ డే నాడు మావాని టోపీ వంకరగ ఉన్నది, సరిచేసే బాధ్యత లీగ్‌ది కాదా అని. నాలుగు పేరాలు!

ఒక మాట ఒప్పుకుంట. మా ఊర్ల చిన్నప్పుడు చిర్రగోనె ఆడితే ఒక్క పెద్దమనిషి గూడ వచ్చి చూడలే, కన్ను పోతదని తిట్టుడు తప్ప. ఈడ ఆరేండ్ల పోరడు బంతి మీద బ్యాట్ తగిలిస్తే నలభై మంది లేచి చప్పట్లు కొడ్తరు. అది మాత్రం నాకు కొత్త. చెయ్యి తమ్మీ, కానీ మీవోడు ఎనిమిదేండ్లోడు అయినంక ఇంకోసారి ఆలోచించు. ఆదివారం క్రికెట్ అకాడమీలు గూడ మస్తుగ ఉన్నయి కదా మీ జెర్సీల, అటు గూడ చూడు.


తెనాలి_టు_జెర్సీ:

బాబాయ్ గారూ గ్లవ్ మాట చదివి ఆఫీసులో బయటికే నవ్వేశా, పక్క క్యూబ్ ఆవిడ ఏమైందని అడిగింది. వారం నుంచి పాపం వాణ్ణి ఎడం చేత్తో విసిరించి విసిరించి చంపా. సాయంత్రమే వెళ్ళి మార్చా.

గోదారి అండీ, ఈమెయిల్ మీరు చెప్పినట్టే పంపా, క్రికెట్ సంగతి కూడా రాసేశా, రాత్రి పదింటికి పంపితే పొద్దున్నకి ఐదుగురు పేర్లు రాశారు. ఒకావిడ హైస్కూల్లో సాఫ్ట్‌బాల్ క్యాచర్ అంట, కొట్టడం మూల నాకు వదిలేయ్ అంది.

రాజన్నా, ఆ టోపీ ఈమెయిల్ కాపీ ఉంటే పడేయవా ప్లీజ్. క్రికెట్ సంగతంటే, వాడు అడిగింది ఇది, నేను ఆడింది అది. ప్రస్తుతానికి వాడు అడిగిందే.

ఇప్పుడు కొత్త డౌట్లు. లీగ్ వాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ చెక్ అని లింక్ పంపారు, సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతోంది, ఇవ్వచ్చా? నేను ఇంకా హెచ్1బీ మీదే ఉన్నా, వాలంటీర్ చేస్తే ప్రాబ్లం ఏమన్నా ఉంటుందా? ఎవరికన్నా దెబ్బ తగిలితే నా మీదకొస్తుందా? మా ఆవిడ దీని గురించే నిద్రపోవట్లేదు.


పెన్_అంపైర్_శర్మ:

ఆ చివరి ప్రశ్నల కోసమే లాగిన్ అయ్యాను. పెన్సిల్వేనియాలో ఉంటాను, మా పిల్లలు ఎదిగి వెళ్ళిపోయారు, నేను మాత్రం అంపైర్‌గా ఉండిపోయాను.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ అందరికీ తప్పనిసరి, ఏటేటా చేస్తారు, పిల్లలతో మసిలే ప్రతి వాలంటీర్‌కీ. దీంతో పాటు పిల్లల రక్షణ మీద ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్ కూడా ఉంటుంది. మీ ఒక్కరినే అనుమానించి అడగట్లేదు, ముప్పై ఏళ్ళ నుంచి ఉన్న ప్రెసిడెంట్ కూడా నింపాల్సిందే. లింక్ నిజంగా లీగ్ పంపిందేనా అని ఒక్క ఫోన్ కొట్టి కన్ఫర్మ్ చేసుకుని నింపండి. అది లేకుండా గ్రౌండ్‌లోకి రమ్మనే లీగ్ అయితే మీరే పిల్లాణ్ణి తీసేయండి.

వీసా సంగతి నా అనుభవం వరకే చెప్తాను. జీతం లేకుండా, జీతమిచ్చే ఉద్యోగి స్థానంలో కాకుండా, మీ పిల్లాడి లీగ్‌లో అందరు తల్లిదండ్రుల్లాగే చేసే పని ఇది. నాకు తెలిసిన హెచ్1బీ తండ్రులు చాలామంది చేశారు. డబ్బు, గిఫ్ట్ కార్డు లాంటివి తీసుకోకండి. అయినా మనసులో పీకుతుంటే మీ లాయర్‌కి ఒక లైన్ ఈమెయిల్ పెట్టండి, ఈ ఫోరంలో పదిమంది చెప్పే దానికన్నా అది మేలు.

దెబ్బల సంగతి. న్యూజెర్సీలో వాలంటీర్ కోచ్‌లకి చట్టపరంగా కొంత రక్షణ ఉంది, కానీ దానికి సేఫ్టీ ట్రైనింగ్ చేసి ఉండాలి. అందుకే మీ లీగ్ రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళ సేఫ్టీ కోర్సు చేయమంటుంది, మూడు గంటలు పడుతుంది, నిద్రొస్తుంది, అయినా చేయండి. కావాలని నిర్లక్ష్యం చేస్తే ఏ చట్టమూ కాపాడదు అనుకోండి.

అసలు దెబ్బ ఎక్కడ తగుల్తుందో తెలుసా? బంతి వల్ల కాదు, టీ బాల్‌లో మెత్తటి బంతి వాడతారు. బ్యాట్ వల్ల. తన వంతు వస్తోందని ఒకడు గాల్లో తిప్పుతుంటాడు, రెండోవాడు సరిగ్గా అప్పుడే వెనక నుంచి వస్తాడు. అందుకే చిన్న పిల్లల డివిజన్లలో ఆన్ డెక్ అనేదే, అంటే తర్వాతివాడు బ్యాట్ పట్టుకుని ఎదురుచూడడం, ఒప్పుకోం, కొట్టేవాడి చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ బ్యాట్ ఉండకూడదు. మీరు అన్ని బ్యాట్లూ కంచెకి తగిలించేసి, ప్లేట్ దగ్గరికి వచ్చాకే హెల్మెట్ చూసి చేతికి ఇవ్వండి. బ్యాట్ మీద యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉండాలి, 2018 జనవరి నుంచి ఆ రూల్, ఎవరో ఇచ్చిన పాత బ్యాట్ వాడే ముందు అది వెతకండి.

రాజన్న గారు చెప్పిన డాడీ బాల్ నిజమే, కాదనను. కానీ పెద్ద పిల్లల్లో కూడా ఒక మంచి రూల్ ఉంది, గెలుపు పిచ్చి పట్టిన తండ్రిని కూడా ఆపేది. పిచర్‌కి రోజుకి ఇన్ని బంతులే అని లెక్క, ఏడెనిమిదేళ్ళ వాళ్ళకి 50, తొమ్మిది పదేళ్ళకి 75, పదకొండు పన్నెండేళ్ళకి 85. ఆ తర్వాత ఎన్ని బంతులు వేశాడో దాన్ని బట్టి రెస్టు రోజులు. క్లిక్కర్ పట్టుకుని ఒక తల్లి కూర్చుంటుంది, లెక్క దాటితే నేను దింపేస్తాను, ఎవరి కొడుకైనా సరే.

వీలైతే ఆగస్టులో పిల్లాణ్ణి తీసుకుని మా పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్ రండి, లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ జరిగేది అక్కడే. 1939లో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన ఆ ఊళ్ళోనే మూడు టీములతో ఈ లిటిల్ లీగ్ మొదలుపెట్టాడు, స్పాన్సర్లు ఎవరనుకున్నారు, ఒక కలప వాళ్ళు, ఒక పాల డెయిరీ, ఒక ప్రెట్జెల్ వాళ్ళు. మొదటి మ్యాచ్ 23-8, కలప వాళ్ళు డెయిరీ వాళ్ళని చితక్కొట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా నుంచి పన్నెండేళ్ళ పిల్లలు వచ్చి ఆడతారు, టికెట్ లేదు, అంపైర్లు కూడా వాలంటీర్లే. ఔట్‌ఫీల్డ్ వెనకాల పెద్ద గడ్డి గుట్ట ఉంటుంది, పిల్లలు అట్టముక్కల మీద కూర్చుని దాని మీంచి జారుతుంటారు. మా వాళ్ళకి మ్యాచ్ ఒక్కటీ గుర్తులేదు, ఆ గుట్ట గుర్తుంది. మాసిపోయే ప్యాంటు వేసి తీసుకురండి.


మూడో_బేస్_బాబాయ్:

శర్మ గారు చెప్పిన బ్యాట్ మాట అక్షరాలా నిజం. మా దగ్గర ఒక పాపకి పెదవి చిట్లింది సరిగ్గా అలాగే, రెండు కుట్లు పడ్డాయి. కారులో ఐస్ ప్యాకులు పెట్టుకో తమ్ముడూ, నలిపితే చల్లబడేవి, నాలుగైనా. దెబ్బ తగలనోడు కూడా అడుగుతాడు, ఇచ్చెయ్. అలాగే ప్రాక్టీస్ మొదలెట్టే ముందే అందర్నీ ఒకసారి బాత్రూమ్‌కి పంపించు, ఇది ఏ కోర్సులోనూ చెప్పరు.


తెనాలి_టు_జెర్సీ:

శనివారం అయిపోయింది, ఇదిగో రిపోర్టు.

చలి చంపేసింది, మార్చి కదా, పిల్లలందరూ జెర్సీ కింద రెండేసి స్వెట్టర్లు వేసుకుని బొద్దుగా చేతులు కిందకి దిగకుండా వచ్చారు. 12 మందిలో 11 మంది వచ్చారు. నాలుగు మూలలు పెట్టా, మూడు నడిచాయి, విసిరే మూలలో అట్టపెట్టె మొదటి రెండు నిమిషాల్లోనే ఒకడు దాంట్లో దూరి కూర్చున్నాడు, మిగతా ఇద్దరూ వాడి మీదకి బంతులు విసరడం మొదలెట్టారు, మెత్తటి బంతులే కాబట్టి వాడికి అదే ఆనందం, ఇంక దాన్నే ఆట చేసేశా, వంతులవారీగా పెట్టెలో కూర్చోవడం. అసలు అనుకున్నదానికన్నా గురి బాగా కుదిరింది వాళ్ళకి. బాబాయ్ గారు ఏమంటారో మరి.

బ్యాట్లు కంచెకి తగిలించా. మొసలి నోరు సూపర్ హిట్, ఒక పాప అయితే ప్రాక్టీస్ అయిపోయాక వాళ్ళ నాన్న చెయ్యి కూడా టప్‌మని పట్టేసింది. థర్డ్ బేస్‌కి పరిగెత్తినోళ్ళు ఐదుగురు. మా వాడు కొట్టి, హులా హూప్ దాకా వెళ్ళి, ఆగి, బ్యాట్ జాగ్రత్తగా దాంట్లో పడుకోబెట్టి, మళ్ళీ సరిచేసి, అప్పుడు పరిగెత్తాడు. ఆ లోపల బంతి ఫస్ట్ బేస్‌కి రెండుసార్లు వెళ్ళొచ్చేది, కానీ ఫస్ట్ బేస్ పిల్లాడు ఆకాశంలో విమానం చూస్తున్నాడు.

ఆ భయం సంగతి. ఒకాయన, చూడ్డానికి పక్కా బేస్‌బాల్ మనిషిలా ఉన్నాడు, పాత యాంకీస్ టోపీ, గడ్డం, ప్రాక్టీస్ మొత్తం కంచె అవతల చేతులు కట్టుకుని నా వైపే చూస్తూ నిలబడ్డాడు. అయిపోయింది, ఇవాళ నా పరువు, అనుకున్నా. అంతా అయ్యాక దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు, ఈమెయిల్‌లో క్రికెట్ అన్నావు కదా, ఒక మ్యాచ్ ఐదు రోజులు ఆడతారంట, నిజమేనా, మధ్యలో టీ బ్రేక్ ఇస్తారంట, నిజమేనా అని. నిజమే అన్నా. కాసేపు ఆలోచించి, మరి ఆ ఐదు రోజులూ స్నాక్స్ డ్యూటీ ఎవరిది అన్నాడు. నాలుగో మూలకి వచ్చే వారం నుంచి ఆయనే.

గోదారి అండీ ఒక చిన్న డౌట్, మొదటి మ్యాచ్‌కి స్నాక్స్ మా ఇంటి వంతు. మా ఆవిడ మురుకులు చేస్తానంటోంది, బియ్యప్పిండి, మినప్పిండి, వాము, నూనె, అంతే, పల్లీ గిల్లీ ఏమీ లేవు, ఎలర్జీ లిస్టులో పల్లీ ఒకరికి, గుడ్డు ఒకరికి ఉంది. ఇంట్లో చేసినవి కాబట్టి వద్దంటారా, లేక ముందే అడిగి పట్టుకెళ్ళనా?


గోదారమ్మాయి_ఎడిసన్:

నూనె ఏదో కూడా చూడండి, వేరుశనగ నూనె అయితే అసలు వద్దు. సన్‌ఫ్లవర్‌లో వేయించి, లోపల ఏమేం ఉన్నాయో చీటీ రాసి అంటించి, ముందురోజే ఆ ఇద్దరి అమ్మలకీ ఫోన్ చేసి అడగండి. పిల్లలకి మాత్రం సీల్ ప్యాకెట్లు కూడా పెట్టుకెళ్ళండి. మురుకులు ఎలాగూ వాళ్ళ దాకా రావు, పెద్దవాళ్ళే ఖాళీ చేస్తారు, కాస్త ఎక్కువే చేయించండి.